క్లాటుది ఏ గ్రహం? (పాత సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో గ్రహాంతరవాసుల సొంతూళ్లు కనిపెట్టే థ్రెడ్)

#1 రీలుడబ్బా
ఆదివారం, బయట వాన, చేతిలో పని లేదు. 1951 నాటి ‘ద డే ద ఎర్త్ స్టుడ్ స్టిల్’ మళ్లీ పెట్టుకున్నాను. వాషింగ్టన్‌లో ఎగిరే పళ్లెం వాలుతుంది. అచ్చం మనలాగే ఉన్న క్లాటు దిగుతాడు, వెనకాల గోర్ట్ అనే రోబో. ఎక్కణ్ణించి వచ్చావయ్యా అని ప్రభుత్వం మనిషి అడిగితే గ్రహం పేరు మాత్రం చెప్పడు. ఇరుగుపొరుగు వాళ్లమే అనుకోండి అంటాడు. 25 కోట్ల మైళ్లు వచ్చాను, మీ లెక్కలో ఐదు నెలలు పట్టింది అంటాడు. పెళ్లిచూపుల్లో అబ్బాయిది ఏ ఊరని అడిగితే “ఇక్కణ్ణుంచి ఐదు గంటలండీ” అన్నట్టుంది.

సరదాగా ఒక ఆట ఆడదాం. పాత సినిమా ఏదైనా తీసుకోండి. అందులో గ్రహాంతరవాసి ఒంటి తీరు, మాట, తిండి, ప్రయాణం చూసి వాడి సొంత గ్రహం ఏదో ఊహించండి. షరతు ఒక్కటే: తెరమీద ఉన్నదే సాక్ష్యం. తర్వాత వచ్చిన సీక్వెళ్లు, నవలలు, కామిక్స్ చెల్లవు. క్లాటుతో మొదలుపెడదాం.

#2 అడ్డుపుల్ల
కనిపెట్టడానికేముంది, అంగారకుడు. 25 కోట్ల మైళ్లంటే 40 కోట్ల కిలోమీటర్లు. శుక్రుడు మనకి ఎంత దూరం జరిగినా 27 కోట్లు దాటడు. గురుడు ఎంత దగ్గరికొచ్చినా 58 కోట్ల పైమాటే. మధ్యలో మిగిలింది అంగారకుడు. దగ్గరైతే ఐదున్నర కోట్లు, దూరమైతే 40 కోట్లు. సరిగ్గా సరిపోయింది. థ్రెడ్ మూసేయొచ్చు.

#3 రీలుడబ్బా
గంట కూడా కాలేదు, అప్పుడే మూసేయడమా?

#4 గోంగూర_డాలస్
అడ్డుపుల్ల గారూ, చిన్న సందేహం. అంగారకుడు మనకి 40 కోట్ల దూరంలో ఉండేది సూర్యుడికి అవతలి వైపు ఉన్నప్పుడే కదా. మీరు చెప్పిన తిన్నని దారిలో వస్తే క్లాటు సూర్యుడి కడుపులోంచి దూసుకురావాలి. కోటు కూడా నలగలేదు మరి!

#5 అడ్డుపుల్ల
కొంచెం పక్కనుంచి వచ్చుంటాడు. మీరేం వాడి టికెట్ చూశారా?

#6 పంచాంగం_బాబాయ్
నేను ‘ఫర్బిడెన్ ప్లానెట్’ (1956) తీసుకుంటాను. ఇందులో ఊహించే పని లేదు, ఆల్టెయిర్ చుట్టూ తిరిగే నాలుగో గ్రహం అని వాళ్లే చెప్పారు. చాలామందికి తెలియనిది ఏంటంటే ఆల్టెయిర్ అంటే మన శ్రవణా నక్షత్రం. ఆ చుక్క దగ్గర పున్నమి చంద్రుడు ఉంటాడు కాబట్టే శ్రావణ మాసం. మనకి దాదాపు 16.7 కాంతి సంవత్సరాల దూరం. అంటే ఆ సినిమాలో రెండు లక్షల ఏళ్ల కిందట ఒక్క రాత్రిలో అంతరించిపోయిన క్రెల్ జాతి వాళ్లు శ్రవణం వాళ్లన్నమాట. మా ఆవిడది శ్రవణమే. సినిమా చూసి “నన్నా అంటున్నారు?” అంది.

#7 ఓరుగల్లు_చుక్క
బాబాయ్, శ్రవణం పేరు బాగుంది కానీ క్రెల్ వాళ్లు అక్కడ పుట్టారంటే నేను నమ్మను. ఆల్టెయిర్ మన సూర్యుడి కన్నా వేడైన, పెద్ద నక్షత్రం. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి పాతిక రోజులు తీసుకుంటే అది తొమ్మిది గంటల్లో తిరుగుతుంది. ఆ విసురుకి నడుం దగ్గర ఉబ్బి, పైనా కిందా అణిగిపోయి ఉంటుంది. ఆ రకం నక్షత్రాల ఆయుష్షు మహా అయితే ఒకటి రెండు వందల కోట్ల ఏళ్లు. భూమి మీద తొలి జీవం నుంచి మన దాకా రావడానికి మూడు వందల యాభై కోట్ల పైనే పట్టింది. క్రెల్ వాళ్లు వేరే ఎక్కడో పుట్టి అక్కడికి కాపురం మార్చి ఉండాలి.

వాళ్ల ఒళ్లు ఎలా ఉండేదో సినిమా చూపించదు. గుమ్మాల ఆకారం మాత్రం చూపిస్తుంది. పైన ఇరుకు, కింద బాగా వెడల్పు. ఇంటివాళ్లు ఎలా ఉంటారో గుమ్మమే చెబుతుందనుకుంటే, అడుగున బరువున్న, వెడల్పాటి ఒళ్లు. అంటే సొంతూళ్లో గురుత్వాకర్షణ మనకన్నా ఎక్కువ. ఇంతవరకే నేను చెప్పగలను.

#8 గోంగూర_డాలస్
నా వంతు. ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ద థర్డ్ కైండ్’ (1977). క్లైమాక్స్‌లో పెద్ద ఓడ దిగుతుంది కదా, అందులోంచి ఫ్లైట్ 19 పైలట్లు బయటికొస్తారు. అది నిజంగా జరిగిన సంగతే. 1945 డిసెంబర్ 5న ఫ్లోరిడా నుంచి శిక్షణకి బయల్దేరిన ఐదు విమానాలు, 14 మంది, మళ్లీ కనపడలేదు. సినిమాలో వాళ్లు దిగేసరికి ఒక్క వెంట్రుక కూడా నెరవలేదు. ఐన్‌స్టీన్ చెప్పింది నిజమే అని అక్కడున్నవాళ్లలో ఒకరు అంటారు.

కాంతి వేగానికి దగ్గర పడితే కాలం నెమ్మదిస్తుందన్నాడు కదా ఆయన. అంటే దాదాపు కాంతి వేగంతో ప్రయాణం. 1945 నుంచి 1977కి 32 ఏళ్లు. వెళ్లడానికి పదహారు, రావడానికి పదహారు. కాబట్టి వాళ్ల ఊరు 16 కాంతి సంవత్సరాల లోపే. ఆ లోపల సూర్యుడి లాంటి నక్షత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. నా ఓటు టావ్ సెటీకి, 12 కాంతి సంవత్సరాలు. లేదంటే ఎప్సిలాన్ ఎరిడానీ, పదిన్నర. 1960లో ఫ్రాంక్ డ్రేక్ గ్రహాంతర సంకేతాల కోసం మొట్టమొదట రేడియో చెవి పెట్టింది కూడా ఈ రెండింటి మీదే.

బాబాయ్, మీ శ్రవణం 0.7 కాంతి సంవత్సరాల తేడాతో అవుట్. సారీ.

#9 అడ్డుపుల్ల
ఎత్తుకెళ్లిన వాళ్లని ఇంటికే తీసుకెళ్లారని ఎక్కడుంది? ఓడలో పెట్టుకుని 32 ఏళ్లూ ఊరూరా తిరిగి ఉండొచ్చు. సర్కస్ కంపెనీ కూడా ఊళ్లు తిరుగుతుంది, దాని సొంతూరు నెలలో వెళ్లొచ్చే దూరంలోనే ఉంటుందా?

#10 గోంగూర_డాలస్
...ఇది బాగా తగిలింది.

#11 పంచాంగం_బాబాయ్
అదే సినిమాలో మన దేశం సీను మర్చిపోయారు. ధర్మశాల అని చూపిస్తారు, తీసింది మహారాష్ట్ర పల్లెటూళ్లో. సినిమాలో గ్రహాంతరవాసుల సంకేతమైన ఐదు స్వరాలని వేలమంది పాడుతుంటే, ఇది మీకు ఎక్కణ్ణించి వినిపించిందని అడుగుతారు. వేళ్లన్నీ ఒక్కసారిగా ఆకాశంలోకి లేస్తాయి. ధర్మశాల అక్షాంశం 32 డిగ్రీలు. నడినెత్తికి దగ్గరగా వచ్చే ప్రకాశవంతమైన చుక్క వేగా, అంటే అభిజిత్తు. ఏడు డిగ్రీలే తేడా. 27 నక్షత్రాల లెక్కలోంచి తీసేసిన 28వ నక్షత్రం ఇది. పాపం, అందుకే వెతుక్కుంటూ వచ్చారేమో.

#12 ఓరుగల్లు_చుక్క
బాబాయ్, అది పట్టపగలు సీను 😂

అయినా అభిజిత్తుకి సినిమా యోగం ఉందిలెండి. ‘కాంటాక్ట్’ (1997)లో సంకేతం వచ్చేది అక్కణ్ణించే. 25 కాంతి సంవత్సరాలు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ టీవీ ప్రసారాన్ని వాళ్లు పట్టుకుని మనకే తిప్పి పంపుతారు. తీరా చూస్తే వేగా వాళ్ల ఊరు కాదు, దారిలో జంక్షన్. కాజీపేట లాగా.

#13 తెరచాటు
‘ప్రిడేటర్’ (1987). మనుషుల్ని వేటాడే ఆ గ్రహాంతరవాసి బాగా ఎండలు మండే ఏళ్లలోనే వస్తాడని అందులో అమ్మాయి చెబుతుంది. సొంతూరు రెంటచింతల. ధన్యవాదాలు.

#14 అడ్డుపుల్ల
నవ్వొచ్చింది కానీ అక్కడో తిరకాసు ఉంది. వాడు చూసేది వేడిని. చుట్టూ చల్లగా ఉండి వేటాడే జంతువు ఒక్కటే వెచ్చగా ఉన్నచోట అలాంటి కళ్లు పనికొస్తాయి. చుట్టూ కూడా 37 డిగ్రీలుంటే మనిషికీ చెట్టుకీ తేడా తెలీదు. ఆ కళ్లు తయారైంది చలి ఊళ్లో అయ్యుండాలి. వాడు వేడిని ఇష్టపడి రావడం లేదు, కష్టమైన పిచ్ మీద ఆడ్డానికి వస్తున్నాడు. వేటగాళ్లకి ఆ పిచ్చి ఉంటుంది.

#15 రీలుడబ్బా
అడ్డుపుల్ల గారు ఒక్కసారైనా అడ్డం కాకుండా నిలువుగా మాట్లాడారు. రికార్డు చేసుకోండి.

#16 ఓరుగల్లు_చుక్క
మా పాప ‘ఇ.టి.’ చూసి అడిగిన ప్రశ్న ఇది. భూమ్మీద తప్పిపోయిన ఆ గ్రహాంతరవాసి గొడుగు, రంపపు బిళ్ల, మాట్లాడే బొమ్మ కలిపి ఇంటికి ఫోన్ చేస్తాడు కదా. రోజుల్లోనే ఓడ వచ్చేస్తుంది. ఇల్లు అంత దగ్గరా అమ్మా అంది.

నిజమే కదా. అతి దగ్గరి నక్షత్రానికి కూడా కబురు చేరడానికే నాలుగేళ్లు దాటుతుంది. కాబట్టి ఆ ఫోన్ వెళ్లింది ఇంటికి కాదు, ఓడకి. ఓడ సౌరకుటుంబం అంచుల్లో ఎక్కడో ఆగి ఉంది. వాళ్లు మొక్కలు ఏరుకోవడానికి వచ్చిన బృందం, ఇంకా నాలుగు గ్రహాల్లో పని పెట్టుకుని ఉంటారు. ప్లూటో దాకా అయినా కబురు ఆరేడు గంటల్లో చేరిపోతుంది.

ఇక ఊరి సంగతి. పెద్ద కళ్లు కాబట్టి వెలుతురు తక్కువ. మన గాలి పీల్చి చాలా రోజులు బతికాడు కాబట్టి అక్కడా ఆక్సిజన్ ఉంది. ఎర్ర మరుగుజ్జు నక్షత్రం (సూర్యుడి కన్నా చిన్నది, మసకది) చుట్టూ తిరిగే పచ్చటి గ్రహం అని నా ఊహ. పేరు చెప్పమంటే చెప్పలేను.

#17 సినీ_తాతయ్య
ఇ.టి. మాట వచ్చింది కాబట్టి. సత్యజిత్ రాయ్ 1967లో ‘ది ఏలియన్’ అని స్క్రిప్టు రాసుకున్నారు. బెంగాల్ పల్లెలో చెరువులో ఓడ పడుతుంది. హాలీవుడ్ దాకా వెళ్లి ఆగిపోయింది. ఇ.టి. వచ్చాక తన స్క్రిప్టు కాపీలు అమెరికాలో తిరక్కపోయుంటే ఆ సినిమా సాధ్యమయ్యేది కాదన్నట్టు రాయ్ మాట్లాడారు, స్పీల్‌బర్గ్ కాదన్నారు. అంతకుముందే 1962లో రాయ్ రాసిన కథలో గ్రహాంతరవాసి పేరు ఆంగ్, ఊరు క్రేనియస్. చూశారా, మనవాడు ఊరి పేరు దాచలేదు.

అసలు చెప్పొచ్చింది వేరే. మన భానుమతి గారు నటించిన తమిళ సినిమా ‘కలై అరసి’ (1963) ఎవరైనా చూశారా? ఎమ్జీఆర్ హీరో. వేరే గ్రహం వాళ్లకి సంగీతం రాదు. భూమ్మీద అందరికన్నా బాగా పాడేదెవరని వెతికి భానుమతిని ఎత్తుకుపోతారు. వాళ్ల అభిరుచికి నమస్కారం పెట్టాలి. అయితే సంగీతం పుట్టని గ్రహం ఏదై ఉంటుంది?

#18 ఓరుగల్లు_చుక్క
తాతయ్యా, దీనికి జవాబుంది! అంగారకుడు. అక్కడి గాలి మన గాలిలో నూరో వంతు కూడా ఉండదు, శబ్దం నీరసంగా వినిపిస్తుంది. 2021లో దిగిన పర్సెవరెన్స్ రోవర్ మైకుతో విన్నాక ఇంకో విచిత్రం బయటపడింది. అక్కడ ధ్వని వేగం సెకనుకు 240 మీటర్లు, కానీ హెచ్చు స్థాయి శబ్దాలు ఇంకో పది మీటర్లు ఎక్కువ వేగంతో వెళ్తాయి. అంటే కచేరీలో వెనక వరసలో కూర్చున్నవాడికి పైస్థాయి ముందు, మంద్రం వెనక. మృదంగం, వయొలిన్ విడివిడిగా చేరతాయి. తాళం ఎలా కుదురుతుంది? సంగీతం పుట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

#19 సినీ_తాతయ్య
శభాష్ తల్లీ. భానుమతి గారు వింటే ఇంకో కథ రాసేవారు.

#20 తెరచాటు
‘సూపర్‌మ్యాన్’ పుట్టిన గ్రహం క్రిప్టాన్ ఎక్కడుందో తేలిపోయింది కదా? 2012లో కామిక్స్ వాళ్లు అడిగితే ఖగోళ శాస్త్రవేత్త నీల్ డిగ్రాస్ టైసన్ ఎల్‌హెచ్‌ఎస్ 2520 అనే ఎర్ర మరుగుజ్జుని ఎంచి ఇచ్చారు. కార్వస్ తారామండలం, 27.1 కాంతి సంవత్సరాలు.

#21 పంచాంగం_బాబాయ్
కార్వస్ అంటే హస్తా నక్షత్రం. సూపర్‌మ్యాన్ హస్త! కన్యారాశి! ఇక పెళ్లి సంబంధాలు చూడొచ్చు.

#22 రీలుడబ్బా
ఆగండాగండి. కామిక్స్ చెల్లవని మొదట్లోనే చెప్పాను. తెరమీద సాక్ష్యం కావాలి. 1978 సినిమాలో తండ్రి జోర్-ఎల్ (మార్లన్ బ్రాండో) కొడుకుతో అంటాడు: నీకు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి నేను చనిపోయి మీ లెక్కలో ఎన్నో వేల ఏళ్లు అయి ఉంటుంది అని. పసివాడు ఓడలో గడిపింది మూడేళ్లు. భూమ్మీద వేల ఏళ్లు గడిచాయంటే క్రిప్టాన్ వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉండాలి. 27 కాదు. హస్త కొట్టేయండి బాబాయ్.

#23 పంచాంగం_బాబాయ్
సంబంధం తప్పిపోయింది.

#24 గోంగూర_డాలస్
‘ఏలియన్’ (1979) సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఓడ ఎక్కడుందని చూస్తే జీటా టూ రెటిక్యులీకి కాస్త ఇవతల అంటారు. నిజమైన జంట నక్షత్రమే, 39 కాంతి సంవత్సరాలు. కానీ ఆ జీవి అక్కడిది కాదు. కూలిపోయిన వేరే ఓడలో గుడ్లుగా వచ్చింది. లారీలో దొరికిన తేలుని చూసి లారీ ఆగిన ఊరు దాని సొంతూరు అంటామా? ఆ నక్షత్రం మా డాలస్ నుంచి ఎప్పటికీ ఉదయించదు. మీకు దక్షిణాన చాలా కింద, దిక్చక్రానికి పది పన్నెండు డిగ్రీల ఎత్తులో వస్తుంది. అదీ మసక చుక్క.

#25 సూళ్లూరుపేట_ప్యాసింజర్
థ్రెడ్ ఇప్పుడే చూశాను. మళ్లీ క్లాటు దగ్గరికి వెళ్లాలి, క్షమించండి. పైన అందరూ రెండు గ్రహాల మధ్య స్కేలు పెట్టి గీత గీస్తున్నారు. ఏ ఓడా అలా వెళ్లదు.

మంగళయాన్ చూడండి. మా ఇంటి డాబా మీద నిలబడి చూశాం, 2013 నవంబర్ 5 మధ్యాహ్నం శ్రీహరికోట నుంచి లేచింది. 2014 సెప్టెంబర్ 24న చేరింది. చేరిన రోజు అక్కణ్ణించి కబురు రావడానికి పన్నెండున్నర నిమిషాలు పట్టింది, అంటే తిన్నగా కొలిస్తే దాదాపు 22 కోట్ల కిలోమీటర్లు. కానీ అది నడిచిన దారి 65 కోట్ల పైమాట. ఎందుకంటే సూర్యుడి చుట్టూ వంపు తిరిగి వెళ్లాలి. క్లాటు కూడా ‘ఇంత దూరంలో ఉంటాం’ అనలేదు, ‘ఇంత ప్రయాణం చేశాను’ అన్నాడు. మీటరు రీడింగు చెప్పాడు, పటంలో దూరం కాదు.

#26 లెక్కల_మాస్టారు
ప్యాసింజర్ బాబూ, నువ్వు అన్నది చదివి నిద్రపట్టక లేచి కాగితం తీశాను.

ఒక గ్రహం నుంచి ఇంకో గ్రహానికి తక్కువ ఇంధనంతో వెళ్లే దారి జర్మన్ ఇంజనీరు హోమాన్ 1925లోనే రాసిపెట్టాడు. రెండు కక్ష్యలనీ అటూ ఇటూ తాకే సగం దీర్ఘవృత్తం. అంగారకుడి నుంచి వేద్దాం. సూర్యుడికి భూమి 15 కోట్ల కి.మీ., అంగారకుడు 22.8. సగటు 18.9. దాన్ని 22/7తో గుణిస్తే దారి పొడవు 59 కోట్ల పైన, అంటే 37 కోట్ల మైళ్లు. సమయం 259 రోజులు, ఎనిమిదిన్నర నెలలు. క్లాటు చెప్పింది 25 కోట్లు, ఐదు నెలలు. రెండూ తప్పాయి.

ఇప్పుడు శుక్రుడు. సూర్యుడికి 10.8 కోట్లు. సగటు 12.9. గుణిస్తే 40.5 కోట్ల కి.మీ. మైళ్లలో 25 కోట్ల 17 లక్షలు. సమయానికి కెప్లర్ మూడో సూత్రం (కక్ష్య ఎంత పెద్దదో తెలిస్తే తిరిగే కాలం చెప్పేది) వేస్తే 146 రోజులు. ఐదు నెలలకి నాలుగైదు రోజులు తక్కువ.

మూడుసార్లు చేశాను. క్లాటు శుక్రుడి వాడు.

#27 రీలుడబ్బా
మాస్టారూ!! చేతిమీద వెంట్రుకలు లేచాయి.

#28 అడ్డుపుల్ల
ఒప్పుకోను. మొదటిది: ఎగిరే పళ్లెం ఉన్నవాడు ఇంధనం పొదుపు చేసుకుంటూ, ఇంజను ఆపేసి జారుకుంటూ వస్తాడా? రెండోది: శుక్రుడి మీద 460 డిగ్రీల వేడి, మన గాలికి తొంభై రెట్లు ఒత్తిడి. అక్కణ్ణించి వచ్చినవాడు వాషింగ్టన్‌లో సూటు వేసుకుని అద్దెగదిలో ఉంటాడా? మూడోది: మీ 17 లక్షల మైళ్ల తేడా ఎవరు కడతారు?

#29 ఓరుగల్లు_చుక్క
రెండోదానికి నేను చెప్తాను. 1951లో శుక్రుడు అంత వేడి అని ఎవరికీ ఖాయంగా తెలీదు. ఎప్పుడూ మబ్బులు కప్పుకుని ఉంటుంది కాబట్టి కింద సముద్రాలు, అడవులు ఉన్నాయేమో అనుకునేవాళ్లు. 1962లో మారినర్ 2 పక్కనుంచి వెళ్లి కొలిచాకే ఆ ఆశ పోయింది. సినిమా కాలానికి అక్కడ సూటు వేసుకునే మనిషి ఉండటం తప్పు కాదు.

అదీగాక ఆ రోజుల్లో శుక్రుడి ఊహలు ఒక్కోసారి వింతగా నిజమయ్యాయి. ‘20 మిలియన్ మైల్స్ టు ఎర్త్’ (1957)లో శుక్రుడి నుంచి తెచ్చిన జంతువు సిసిలీలో తప్పించుకుంటుంది, రే హ్యారీహౌసెన్ చేసిన బొమ్మ. దాని ఆహారం గంధకం! శుక్రుడి మబ్బుల నిండా గంధకామ్లమే అని తేలింది 1970లలో. పేరులో దూరం మాత్రం తప్పు. శుక్రుడు ఎంత దగ్గరికొచ్చినా 2.4 కోట్ల మైళ్లు, రెండు కోట్లు కాదు.

#30 సినీ_తాతయ్య
శుక్రుడి మీద హాలీవుడ్‌కి ఏదో ఉంది. ‘వార్ ఆఫ్ ద వరల్డ్స్’ (1953) మొదట్లో అంగారకులు కాపురానికి ఏ గ్రహం బాగుంటుందో వెతుకుతూ వరసపెట్టి అన్నీ చూస్తారు. ప్లూటో, నెప్ట్యూన్, యురేనస్, శని, గురుడు, బుధుడు, చివరికి భూమి. శుక్రుడి ఊసే ఎత్తరు. పక్కనే ఉన్నదాన్ని వదిలేశారేంటా అని అప్పట్నుంచీ అనుకుంటున్నాను. ఇప్పుడర్థమైంది. అక్కడ క్లాటు వాళ్లున్నారు, గోర్ట్ లాంటి రోబోలు కాపలా. ఎవడు వెళ్తాడు?

#31 సూళ్లూరుపేట_ప్యాసింజర్
అడ్డుపుల్ల అన్న మొదటి ప్రశ్న మాత్రం న్యాయమైనదే. అంత శక్తి ఉన్నవాళ్లు పొదుపు దారి ఎందుకు పట్టారో నాకూ తెలీదు. అన్ని గ్రహాల మీదా పెత్తనం చేసే పోలీసు శాఖ కదా వాళ్లది. డీజిల్ కోటా ఉంటుందేమో.

#32 తెరచాటు
ప్రభుత్వ వాహనం. అంతే. వేరే వివరణ అక్కర్లేదు.

#33 అడ్డుపుల్ల
రాత్రి కూర్చుని మాస్టారి లెక్కలో తప్పు పట్టుకున్నాను. సగటుని 22/7తో గుణిస్తే వచ్చేది సగం వృత్తం. దారి దీర్ఘవృత్తం. దాని ఉత్కేంద్రత (వృత్తం కన్నా ఎంత సాగిందో చెప్పే కొలత) 0.16. ఆ సవరణ చేస్తే పొడవు 0.65 శాతం తగ్గాలి. దూరాలు కూడా ముక్కలు చేయకుండా పూర్తిగా వేశాను: శుక్రుడు 10.82, భూమి 14.96.

40.23 కోట్ల కిలోమీటర్లు వచ్చింది. మైళ్లలోకి మార్చాను. 25.00 కోట్లు.

17 లక్షల తేడా పోయింది. మళ్లీ చేశాను, అదే వచ్చింది. #2లో నేను రాసిన ‘అంగారకుడు’ తీసేయమని మోడరేటర్ గారికి మెసేజ్ పెట్టాను.

#34 లెక్కల_మాస్టారు
తీయొద్దు, ఉంచండి బాబూ. రఫ్ వర్క్ కూడా కనపడాలి. దానికీ మార్కులుంటాయి.

#35 రీలుడబ్బా
సరే, క్లాటు: శుక్రుడు. తర్వాత ‘ద థింగ్’ ఎవరు తీసుకుంటారు? ముందే చెప్తున్నా, అది ఎవరి రూపంలో అయినా ఈ థ్రెడ్‌లోనే ఉండొచ్చు.